పదకొండు బై ఇరవైఐదు

సైదాపురం పోస్టాఫీసులో
నాకొచ్చే కవర్లకు ముద్ర నేనే వేసుకుంటాను.
ముట్టినట్టు సంతకమూ నాదే.
మధ్యాహ్నం మూడింటికి గూడూరు సంచి దిగుతుంది:
ఎల్ఐసీ నోటీసులు, ఏటీఎం కార్డులు, ఒక పెళ్లిపత్రిక,
అడుగున, అట్టముక్కల మధ్య బిగించి
సముద్రం దాటొచ్చిన అరచేతంత మనిషి.

బంతి ఎప్పుడూ ఆమె ఎడమచేతిలోనే ఉంటుంది.
జట్టులో ఆమెది బెంచీ. ఆటకి పది నిమిషాలు.
ఆ పది నిమిషాల కోసం
తెల్లారుజామున నాలుగింటికి లేచి
దుప్పట్లో ఫోను దాచుకుని చూస్తాను.
బుట్టలో వేసేది తక్కువ, అందించేది ఎక్కువ.
చొక్కా మీద పదకొండు.

నాదీ ఎడమచేయే.
అన్నం దగ్గర దెబ్బలు తిన్న చేయి,
పైట కింద చాలాకాలం దాక్కున్న చేయి.
హైస్కూల్లో ఖాజావలి సారు
లారీ చక్రం ఇనపకట్టు స్తంభానికి బిగించి
"ఆ చేత్తోనే ఎయ్యిమే" అన్నరోజు
అది బయటికొచ్చింది.

ఒకే బొమ్మ. అదే ఎగురు, అదే చెమట,
నుదుటి మీద అదే వెంట్రుక.
అంచు రంగు మారుతుంది, వెనక అంకె మారుతుంది.
నీలం తొంభైతొమ్మిది అచ్చేశారు, నాది నలభై మూడోది.
ఊదా నలభైతొమ్మిది, నాది ఆరోది.
బంగారం పదే పది. ఒక్కదాని కోసం
చీటీ పాడాను. ఇంట్లో మిక్సీ అని చెప్పాను.
పచ్చది ఇరవైఐదు.
నాకు పన్నెండోది వచ్చింది.
పదకొండు పక్కనే కూర్చుని
పదకొండు కాకపోవడం ఎట్లుంటుందో
కదిలిన బస్సు వెంట పరిగెత్తినోళ్లకి తెలుసు.

పదకొండోది పూణేలో ఒకాయన దగ్గరుంది.
ధర విని ఫోను బోర్లా పెట్టేశాను.

చలికాలం ఆటల్లో ఆమె మోకాలు పోయింది.
జట్టు వదిలేసుకుంది. వారంలో ధరలు
వానాకాలం నిమ్మకాయల్లా జారాయి.
పూణే ఆయనే ఫోన్ చేశాడు, ఇంకా కావాలా అని.
బస్తా కాయల డబ్బుకి
పదకొండు నా సంచిలో దిగింది.
ముద్ర వెయ్యడానికి చేయి ఆడలేదు.
ఎవరి మోకాలి మీదో కాలు పెట్టి
అటక మీది డబ్బా అందుకున్నట్టు.

తొడుగు తీసి మాలకొండమ్మవ్వ చేతిలో పెట్టాను.
ముప్పై ఏళ్లు కలిచేడు షెడ్లలో
కాకిబంగారం చీల్చిన మనిషి.
కళ్లకిప్పుడు వెలుగూ నీడా తప్ప ఆనవు,
అందుకే కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది.
పచ్చ అంచు మెరిసి బుగ్గ మీద పడింది.
"పచ్చరకం," అంది. "మన గనిదే."
కాసేపాగి,
"కొనేవోళ్లు రావడం మానేసిన ఏడు గూడా
రాయి ఇట్నే మెరిసేది మే."

నేను ఏదో అనేలోపే
బొటనవేలి గోరు మూలకి పోయింది.
చూపుతో పనిలేని పాత అలవాటు
పొర ఎక్కడుందో వెతికి
చిట్టుమని దూరింది.

అట్ట విచ్చుకుంది, వడ్లగింజంత.
లోపల తెలుపు.
రంగూ లేదు, అంకే లేదు.

నా గొంతులోంచి ఏదో వచ్చుండాలి,
అవ్వ చేయి ఆగిపోయింది.
విచ్చుకున్న మూలని రెండు వేళ్ల మధ్య నొక్కి,
పసిబిడ్డకి చెవులు కుట్టించాక పట్టుకున్నట్టు
చాలాసేపు అట్నే కూర్చుంది.
బయట లారీ ఒకటి పొదలకూరు వైపు పోయింది.
తర్వాత, సరుకు తేల్చే గొంతుతో:
"ఒకటో నెంబరు కాదులే. ఆరో నెంబరు.
అయినా పచ్చరకం.
తుక్కులో ఎయ్యబాక."